థ్రాటిల్ వదలగానే బైక్ హ్యాండిల్ ఊగుతోంది, బేరింగా టైరా?

డాలస్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెద్ద వీ-ట్విన్ (V ఆకారంలో రెండు సిలిండర్ల ఇంజిన్) క్రూయిజర్ బైక్. కంపెనీ ఇంజిన్, ఛాసిస్ రెండూ మార్చాక వచ్చిన మోడల్, వెనక షాక్ సీటు కింద ఉంటుంది. 11,000 మైళ్లు తిరిగింది.

హైవే మీద గంటకు 70 మైళ్లలో థ్రాటిల్ వదిలి చేతులు సడలిస్తే, సరిగ్గా 50, 45 మైళ్ల మధ్య హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. గట్టిగా పట్టుకుంటే ఆగుతుంది. స్పీడ్ పెంచేటప్పుడు ఏమీ లేదు. అయినా టెన్షన్‌గానే ఉంది.

బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూశాను: ముందు 36, వెనక 40 పీఎస్ఐ. రెండు చక్రాలూ బ్యాలెన్సింగ్ చేయించాను. బ్యాగులు తీసేసి, ప్రీలోడ్ (షాక్ స్ప్రింగ్ బిగువు) మార్చి కూడా నడిపాను. తేడా లేదు. ముందు టైరు మీద చెయ్యి రాస్తే మాత్రం ఒకవైపు మెట్లుమెట్లుగా తగులుతోంది. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ కాస్త తోస్తే చివరిదాకా జారిపోతోంది.

మొదట స్టీరింగ్ హెడ్ బేరింగ్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) బిగించాలా, టైరు మార్చాలా?