పోలీసులు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాల్సిందేనా?

గోదారోడు:
మా తమ్ముడు బీటెక్ థర్డ్ ఇయర్. రూమ్మేట్ అడిగాడని వాడి డబ్బులు 40 వేలు తన అకౌంట్లో వేయించుకుని ఏటీఎంలో డ్రా చేసి ఇచ్చాడంట, అవి ఎవర్నో మోసం చేసిన డబ్బులంట, ఇప్పుడు అకౌంట్ ఫ్రీజ్. రేపు 10కి స్టేషన్‌కి రమ్మని వాట్సాప్‌లో నోటీస్. నాన్నేమో ఉన్నదున్నట్టు చెప్పేయ్ వదిలేస్తారు అంటాడు, బాబాయేమో అసలు నోరు విప్పొద్దంటాడు. ఎవరి మాట వినాలి?

నల్లకోటు:
ఇద్దరిదీ సగం సగమే కరెక్ట్ తమ్ముడూ. ముందు నోటీస్‌లో ఏ సెక్షన్ ఉందో చూడు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన, పోలీసు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 179 అంటే సాక్షిగా పిలిచినట్టు, 35(3) అంటే అనుమానం మీవాడి మీదే. వాట్సాప్‌లో పంపిన 35 నోటీస్ చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది గానీ దాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చోకండి, వెళ్లి కాగితం మీద అడిగి తీసుకోండి. వెళ్లకపోతే అరెస్టుకి మీరే దారిచ్చినట్టు. పేరు, అడ్రస్, కాలేజీ చెప్పాలి. అబద్ధం మాత్రం వద్దు. తన మీదే కేసు పడేలా ఉన్న ప్రశ్నకి జవాబు చెప్పక్కర్లేదు, 180 సెక్షన్‌లోనే రాసుంది, దానికి పైన రాజ్యాంగంలో ఆర్టికల్ 20(3) ఎలాగూ ఉంది. ఒడిశా మాజీ సీఎం నందినీ సత్పతి జవాబులివ్వలేదని కేసు పెడితే 1978లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి కొట్టేయించుకున్నారు, అయితే ఇబ్బంది లేని ప్రశ్నలకి చెప్తానని మాటివ్వమంది కోర్టు.

దెబ్బతిన్నోడు:
చెప్పడం ఈజీ సార్. నన్ను చెక్క బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టి, ఫ్యాన్ కూడా లేదు, చివర్లో సంతకం పెట్టేసి ఇంటికెళ్లు అంటే చదవకుండానే పెట్టేశా. తర్వాత చూస్తే అందులో "నాకు ముందే తెలుసు" అని ఉంది.

నల్లకోటు:
విచారణలో రాసుకునే స్టేట్‌మెంట్ మీద సంతకం తీసుకోకూడదని 181లోనే ఉంది. పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో అది సాక్ష్యం కాదు. అయినా ఆ కాగితం ఫైల్లో ఉంటే బెయిల్ దగ్గర తలనొప్పే, అందుకే తెల్ల కాగితం మీద అసలు పెట్టొద్దు.

గోదారోడు:
వెళ్లొచ్చాం అన్నా. కాగితం నోటీస్ ఇచ్చారు, 35(3)నే. డబ్బులు ఎక్కడివో తెలుసా అని ఎస్సై అడిగితే మావాడు గొంతు వణుకుతూనే "లాయర్‌తో మాట్లాడి చెప్తాను సార్" అన్నాడు. "సినిమాలు బాగా చూస్తావా" అన్నాడాయన. ఇంకోసారి అదే అడిగి, వీడు అదే మాట చెప్తే మళ్లీ సోమవారం రమ్మన్నాడు. బయట నాన్న మాత్రం ఆటో ఎక్కేదాకా ఏం చెప్పావురా ఏం చెప్పావురా అని ఒకటే గొడవ.