ఫ్లాట్ ఫుట్‌కి డిసెబిలిటీ పెన్షన్ అడుగుడు హక్కా, అత్యాశా?

యాప్రాల్_తమ్ముడు:
అందరికీ నమస్తే. మా అన్న 2022ల హవల్దార్‌గ రిటైరయి వచ్చిండు. సర్వీసులో ఉండంగనే రెండు పాదాలకు ఫ్లాట్ ఫుట్ (వంపు లేని చదును పాదం), ప్లాంటర్ ఫాషియైటిస్ (మడమ కింద నొప్పి) అని రాసి లో మెడికల్ కేటగిరీల, అంటే పూర్తి ఫిట్ కాదని, పెట్టిన్రు. రిటైరయ్యేటప్పుడు చూసే రిలీజ్ మెడికల్ బోర్డు వైకల్యం 20 శాతం, జీవితాంతం అని ఇచ్చింది గానీ పక్క కాలమ్‌ల మాత్రం సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని కొట్టేసింది, ఎందుకంటే పుట్టుకతోని వచ్చిందట, పైగా పీస్ స్టేషన్‌ల, అంటే సరిహద్దుకు దూరంగ ఉండే కంటోన్మెంట్‌ల, బయటపడ్డదట. క్లెయిమ్ రిజెక్ట్. నేను అప్పీల్ వెయ్యి అంటున్న, మా బాపు కూడా ఫౌజీనే, ఆయన వద్దంటున్నడు, కాళ్లు నొస్తున్నయని సర్కారును పైసలడిగితే ఇజ్జత్ ఏముంటది అంటడు. ఇంట్ల రోజూ ఇదే పంచాయితీ. మీరేమంటరు?

సైనిక్‌పురి_సుబేదార్:
బాబూ, మీ నాన్నగారి మాటే నా మాట కూడా. నేను సియాచిన్ చేసి వచ్చినవాణ్ని, ఫ్రాస్ట్‌బైట్‌తో కాలివేళ్లు తీసేయించుకున్న కుర్రాళ్లను చూశాను, వాళ్లదీ పాదం కేసే, మీదీ పాదం కేసే, రెండూ ఒకే తక్కెట్లో వేస్తే ఎలా? ఇప్పటికే కాగ్ 2023 రిపోర్టులో ఎత్తి చూపింది, ఆఫీసర్లలో దగ్గర దగ్గర నూటికి 40 మంది, జవాన్లలో 18 మంది దాకా డిసెబిలిటీతోనే రిటైరవుతున్నారని. బీపీ, షుగర్, ఇప్పుడు ఫ్లాట్ ఫుట్. ఇలా అందరూ అడగబట్టే 2023 సెప్టెంబర్ 21 నుంచి రూల్స్ బిగించారు. రేపు నిజంగా కాలు పోయినవాడు కూడా అనుమానపు చూపు భరించాలి.

గోల్కొండ_గన్నర్:
జై హింద్ సాబ్. మీరు చెప్పిన లెక్కలోనే జవాన్లు ఆఫీసర్లలో సగం కూడా లేరు కదా, మరి దెబ్బ మాత్రం హవల్దార్ మీద పడాలా? సరే అది పక్కన పెడదాం. నాకు అర్థం కానిది ఒక్కటే, పుట్టుకతోనే ఉంటే భర్తీ రోజు ఏమైంది? ర్యాలీలో మనల్ని చెడ్డీ మీద నిలబెట్టి మోకాళ్లు తాకుతున్నాయా పాదం చదునుగా ఉందా అని చూసి ఎంతమందిని ఇంటికి పంపలేదు? మా ఊరి పిల్లలు దీనికే రిజెక్ట్ అయ్యి ఏడ్చుకుంటూ వచ్చారు. అంత చూసి తీసుకున్నారంటే ఆ రోజు పాదం బాగున్నట్టే. 2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది ఇదే, చేరేటప్పుడు కాగితం మీద రోగం రాయకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క, తర్వాత వస్తే సర్వీసుకి సంబంధం లేదని చూపించాల్సింది బోర్డే, అదీ కారణాలు రాసి.

సైనిక్‌పురి_సుబేదార్:
ధరమ్‌వీర్ కేసు డిసెబిలిటీ పెన్షన్ అర్హత మీద ఉన్న 1982 రూల్స్ మీద వచ్చింది తమ్ముడూ. అబ్బాయి వాళ్ల అన్న రిటైరైంది 2022లో, అతనికి 2008 రూల్స్. అందులో స్పష్టంగా ఉంది, చేరేటప్పటి మెడికల్‌లో లోపల దాగిన రోగాలన్నీ దొరకవు, సర్వీసులో బయటపడినంత మాత్రాన సర్వీసు వల్లే వచ్చిందనుకోకూడదు అని. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే సుప్రీంకోర్టు మెడికల్ బోర్డు మాటకే విలువిచ్చింది, ఆ జవాను ఓడిపోయాడు.

గోల్కొండ_గన్నర్:
ఆ కేసు మానసిక రోగం మీద సాబ్, అది లోపల దాగి ఉంటుంది, మూర్ఛ కూడా దాగి ఉంటుంది, ఒప్పుకుంటా. పాదం ఎక్కడ దాక్కుంటుంది? తడికాలుతో గచ్చు మీద నిలబడితే అచ్చు పడుతుంది, చదువు రానివాడు కూడా చెప్తాడు. మీ 2008 రూల్సులోనే ఇంకో మాట కూడా ఉంది, మామూలుగా క్లెయిమ్ చేసినవాడు రుజువు చూపించక్కర్లేదు అని, డిశ్చార్జ్ అయిన 15 ఏళ్ల తర్వాత వేస్తేనే ఆ బరువు అతని మీద.

మాజీ_నర్సింగ్_అసిస్టెంట్_అల్వాల్:
ఇద్దరూ కోర్టు దగ్గరే ఆగారు, కొంచెం పాదం సంగతి చెప్తా. చదునుగా ఉన్న పాదాలన్నీ ఒకటి కావు. మునివేళ్ల మీద నిలబడినప్పుడు వంపు తిరిగి కనిపిస్తే, నొప్పి లేకుండా వేళ్ల మీద పరిగెత్తగలిగితే భర్తీలో ఫిట్ అనే ఇస్తారు, అది దాచిన రోగమూ కాదు లోపమూ కాదు. పెద్దయ్యాక వచ్చేది వేరు, చీలమండ లోపలి వైపు వంపుని పట్టి ఉంచే నరం లాంటి టెండన్ ఏళ్ల తరబడి సాగి సాగి దెబ్బతింటే పాదం కూలిపోతుంది, దాన్ని పుట్టుకతో వచ్చిందని రాయడం తప్పు. ప్లాంటర్ ఫాషియైటిస్ అయితే మరీను, గట్టి నేల మీద పరుగు, ఎక్కువ సేపు నిలబడటం, బరువు, ఇవే దానికి దారి. పీస్ స్టేషన్ కాబట్టి ఒత్తిడి లేదు అనేవాళ్లు ఎప్పుడైనా పీస్‌లో ఉన్నారా అని నాకు డౌటు, పొద్దున పీటీ, ఆ తర్వాత డ్రిల్, మధ్యలో బూట్లు రైఫిల్‌తో 5 కిలోమీటర్ల బీపీఈటీ పరుగు పరీక్ష, అసలు మడమలు అరిగేది అక్కడే. రిక్రూట్లకి పాదం ఎముకలో వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ని మార్చ్ ఫ్రాక్చర్ అని ఊరికే అనలేదు, అది మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు, పిల్లాడు నాటకాలాడుతున్నాడని తిడతారు.

అయితే సుబేదార్ సాబ్ మాటలో కూడా పస లేకపోలేదు, ఇంట్లో అందరికీ చదును పాదాలుంటే, వంపు మొదట్నుంచీ లేకపోతే, సర్వీసు వల్ల వచ్చిందనడం కష్టం. అప్పుడు ముదిరింది అన్న వాదన పట్టుకోవాలి.

లాల్‌బజార్_అక్క:
మధ్యలో వస్తున్నా క్షమించండి. మా ఆయనదీ ఇదే బాధ. పెన్షన్ సరిపోక గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో సెక్యూరిటీకి వెళ్తున్నారు, 12 గంటలు నిలబడే డ్యూటీ, కుర్చీ వేసుకుంటే సూపర్‌వైజర్ ఊరుకోడు. పొద్దున మంచం దిగి మొదటి నాలుగు అడుగులు గోడ పట్టుకునే వేస్తారు. ఇజ్జత్ గురించి మాట్లాడే అన్నయ్యలు ఆ నాలుగు అడుగులు చూడాలి.

డాలస్_తోడల్లుడు:
అమెరికాలో బాగా ఇస్తారనుకోకండి. ఇక్కడ రెండు పాదాలకీ బాగా ముదిరిన ఫ్లాట్ ఫుట్ అయితే 50 శాతం దాకా రేటింగ్ ఉంది నిజమే, కానీ పుట్టుకతో వచ్చినదానికి పరిహారం లేదని వీళ్ల రూల్‌లోనే రాసుంది. పుట్టుకతోనా తర్వాతా అన్న గొడవ ఇక్కడా ఉంది.

యాప్రాల్_తమ్ముడు:
అందరికీ థాంక్స్. మా ఇంట్ల మా అన్నకు తప్ప ఎవరికీ చదును పాదాలు లేవు. గెలిస్తే ఎంతొస్తది, ఎక్కడ వెయ్యాలె?

గోల్కొండ_గన్నర్:
100 శాతానికి ఆఖరి బేసిక్‌లో 30 శాతం లెక్క. బేసిక్ 40,000 అనుకుంటే 20 శాతానికి నెలకి 2,400, కానీ 50 లోపు ఉన్నదాన్ని 50గా లెక్కగట్టాలని 2014లో సుప్రీంకోర్టులో రామ్ అవతార్ కేసులో తేలింది, దాన్ని బట్టి 6,000, పైన డీఆర్, అంటే కరువు భత్యం. ముందు ఫస్ట్ అప్పీల్, రిజెక్షన్ లెటర్ అందిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. తర్వాత సెకండ్ అప్పీల్. అక్కడా కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మనకి చెన్నై బెంచ్. లేటైందని వదిలెయ్యకండి, పెన్షన్ నెల నెలా నడిచే హక్కు, కాకపోతే పాత బకాయి మామూలుగా మూడేళ్లకి మించి ఇవ్వరు, సుప్రీంకోర్టు తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది అదే.

సైనిక్‌పురి_సుబేదార్:
వెయ్యండి, నేను అడ్డం కాదు. సర్వీసు వల్ల వచ్చిందని కాకుండా సర్వీసులో ముదిరిందని వేస్తే నా మనసు కూడా ఒప్పుకుంటుంది. డబ్బు రెండింటికీ ఒకటే, మాటలో నిజాయితీ ఉంటుంది.

మాజీ_నర్సింగ్_అసిస్టెంట్_అల్వాల్:
రెండూ కలిపి వెయ్యమనండి సాబ్, ఒకటి వదిలేస్తే తర్వాత దొరకదు. తమ్ముడూ, బోర్డు ప్రొసీడింగ్స్ అంటే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 కాపీ, మొదటిసారి కేటగిరీ దించినప్పటి స్పెషలిస్ట్ ఒపీనియన్, ఇవి చేతిలో ఉన్నాయా?

యాప్రాల్_తమ్ముడు:
16 కాపీ ఉన్నది, ఒపీనియన్ ఎతుకుతున్నం. మా బాపు ఈ ముచ్చటంతా చదివిచ్చుకుని విన్నడు, ఇంకా అవునంటలేడు గానీ భర్తీ నాటి మెడికల్ కాగితం ఇప్పటిదాంక ఉంటదా అని అడుగుతున్నడు.

గోల్కొండ_గన్నర్:
మీ రికార్డ్ ఆఫీసుకి ఆర్టీఐ పెట్టండి. కాగితం ఇస్తే మంచిదే. లేదు, పాతదని తీసేశాం అని రాసినా ఆ జవాబు పారెయ్యొద్దు, ఫైల్‌లో పెట్టండి, మరి బోర్డు ఏ కాగితం చూసి పుట్టుకతోనే అని రాసిందో అప్పీల్‌లో అడగండి. పెద్దాయనకి నా నమస్కారం చెప్పండి.