సబ్‌మెరైన్‌లో డీజిల్ ఇంజన్: జర్మనీ ఎందుకు ఆలస్యం చేసింది?

ప్రశ్న (తిరుపతి, పాలిటెక్నిక్ విద్యార్థి)
రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ ఆగ్స్‌బర్గ్‌లో 1897లోనే నడిచింది కదా. మరి జర్మన్ నేవీ తొలి డీజిల్ సబ్‌మెరైన్ యు-19 సర్వీసులోకి వచ్చింది 1913లో. సొంత దేశంలో పుట్టిన ఇంజన్‌ని పదహారేళ్లు ఎందుకు పక్కన పెట్టారు? అంతకుముందు ఏం వాడేవాళ్లు? సోమవారం సెమినార్ ఉంది, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (రేణిగుంట)
తమ్ముడూ, డీజిల్ సబ్‌మెరైన్ ముందు కట్టింది ఫ్రాన్స్. మాక్సిమ్ లోబఫ్ డిజైన్ చేసిన ఎగ్రెట్ 1904లో నీళ్లలోకి దిగింది. తర్వాత 1908లో బ్రిటన్ డి-1. జర్మనీ ఆ తర్వాతే.

జవాబు (చిత్తూరు, నేవీ రిటైర్డ్, ఇంజన్ రూమ్)
బాబూ, యు-1 నుంచి యు-18 దాకా జర్మన్ బోట్లు దాదాపు అన్నీ కోర్టింగ్ కంపెనీ కిరసనాయిలు ఇంజన్లతో నడిచాయి. పగలు తెల్లటి పొగ చాలా దూరానికి కనబడేది, రాత్రయితే పొగగొట్టం నుంచి మంట. శత్రువుకి కనబడకుండా ఉండటమే పనిగా కట్టిన ఓడకి ఇంతకన్నా శత్రువు ఎవరుంటారు?

అయినా కిరసనాయిలునే పట్టుకున్నారంటే పెట్రోల్‌కి భయపడి. ఆ భయం న్యాయమైనదే. బ్రిటిష్ సబ్‌మెరైన్ ఎ-5లో 1905 ఫిబ్రవరిలో పెట్రోల్ ఆవిరి అంటుకుని పేలి ఆరుగురు పోయారు. ఫాక్స్‌ట్రాట్ తరగతి డీజిల్ సబ్‌మెరైన్లలో పనిచేసినవాడిగా చెబుతున్నాను: బ్యాటరీ, కేబుళ్లు, మోటార్ స్విచ్‌లు, మనుషులు, అన్నీ ఒకే ఇనుప గొట్టంలో ఉంటాయి. అక్కడ పెట్రోల్ ఆవిరి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్‌కి స్పార్క్ అక్కర్లేదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే మండుతుంది. మామూలు వేడిలో దాని ఆవిరి అంత తేలిగ్గా అంటుకోదు. ఇంజన్ రూమ్ వాడికి ఇదే పెద్ద ధైర్యం. అదే ట్యాంకుతో ఎక్కువ దూరం పోవడం రెండో లాభం.

ఆలస్యం ఎందుకంటే బరువు. తొలి డీజిళ్లు ఫ్యాక్టరీ నేల మీద నిలబెట్టే భారీ యంత్రాలు. ఇరుకైన బోటులో పట్టేంత తేలిగ్గా, అంత బలంగా, నమ్మకంగా చేయడానికి ఏళ్లు పట్టింది. చివరికి యు-19లో ఎం.ఎ.ఎన్. అనే జర్మన్ కంపెనీ ఇంజన్లు రెండు పెట్టారు, ఒక్కొక్కటి 850 హార్స్‌పవర్.

ప్రశ్న (తిరుపతి, అదే విద్యార్థి)
థాంక్యూ సార్. కానీ 1914 సెప్టెంబర్ 22న మూడు బ్రిటిష్ క్రూయిజర్లని ముంచిన యు-9 కూడా కిరసనాయిలు బోటే కదా? పొగ అడ్డం కాలేదా?

జవాబు (చిత్తూరు, నేవీ రిటైర్డ్)
మంచి ప్రశ్న. టార్పెడోలు వదిలింది నీళ్లలో మునిగి, బ్యాటరీ మీద. మునిగాక ఏ ఇంజనైనా ఆపాల్సిందే, ఎందుకంటే గాలి ఉండదు. పొగ బాధంతా పైన తేలి తిరిగేటప్పుడు, బ్యాటరీ చార్జ్ చేసేటప్పుడు. అప్పటి బోట్లు ఎక్కువ సమయం పైనే ఉండేవి. మునిగి ఉండగానే పైనుంచి ఇంజన్‌కి గాలి లాగే స్నార్ట్ గొట్టం మేము వాడాం, అలాంటిది వాళ్లకి లేదు.

ఆ రోజు యు-9లో ఆఫీసర్‌గా ఉన్న యోహానెస్ స్పీస్ తర్వాత యు-19కే కమాండర్ అయ్యాడు. 1918 మార్చిలో ఐర్లాండ్ దగ్గర కాల్గేరియన్ అనే పెద్ద ఓడని ముంచాడు. అంతకుముందు, 1914 అక్టోబర్‌లో, బ్యాడ్జర్ అనే బ్రిటిష్ డెస్ట్రాయర్ గుద్దినా యు-19 తట్టుకుని ఇంటికి చేరింది. యుద్ధం అయ్యాక 1918 నవంబర్‌లో లొంగిపోయింది.

1913 సెప్టెంబర్‌లో రుడాల్ఫ్ డీజిల్ ఒక ఓడ మీంచి మాయమయ్యాడు కాబట్టి సబ్‌మెరైన్ రహస్యాల కోసం చంపారని రాస్తుంటారు. రుజువు లేదు, స్లైడ్‌లో పెట్టొద్దు. దాని బదులు ఒకే షాఫ్ట్ మీద వరసగా డీజిల్, క్లచ్, మోటార్, ఇంకో క్లచ్, ప్రొపెల్లర్ గీసి చూపించు. ప్రొపెల్లర్ వైపు క్లచ్ విడదీసి డీజిల్ తిప్పితే మోటారే జనరేటర్ అయి బ్యాటరీ నింపుతుంది. మునిగేముందు డీజిల్ వైపు క్లచ్ విడదీస్తారు. మీ సార్ అడిగే ప్రశ్నలు ఎక్కువ ఇక్కడే ఉంటాయి.