చెల్లింపు పేజీ నుంచి తిరిగి రాగానే లాగిన్ పోతోంది

అమ్మకాల సైటు ఒకటి కడుతూ నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది), దాని మీద వెబ్‌సైట్లు కట్టే ఎక్స్‌ప్రెస్ నేర్చుకుంటున్నాను. సరుకుల పేజీలు, బుట్ట, లాగిన్ అన్నీ బాగానే నడుస్తున్నాయి. చిక్కంతా చెల్లింపు దగ్గరే. చెల్లింపు గేట్‌వే (డబ్బు వసూలు చేసే బయటి సేవ) పరీక్ష మోడ్‌లో డబ్బు కట్టాక, అది నా సైటుకు పోస్ట్ అభ్యర్థనతో తిరిగి పంపుతుంది. ఆ క్షణంలో లాగిన్ పోయి, బుట్ట ఖాళీగా కనిపిస్తోంది. క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే ఆ ఒక్క అభ్యర్థనలోనే కుకీ హెడర్ (లాగిన్‌ను గుర్తుపట్టే చిన్న సమాచారాన్ని సర్వర్‌కు పంపే వరుస) లేదు. అదే చిరునామాను చేత్తో టైపు చేసి తెరిస్తే కుకీ నిక్షేపంగా వెళ్తోంది!

సెషన్ కుకీకి సేమ్‌సైట్ (బయటి సైటు నుంచి వచ్చే అభ్యర్థనతో కుకీ వెళ్లాలా వద్దా చెప్పే అమరిక) విలువ 'లాక్స్' అని ఉంది. బయటి సైటు నుంచి వచ్చే పోస్ట్‌తో అలాంటి కుకీ వెళ్లదని చదివి, దాన్ని 'నన్' చేసి 'సెక్యూర్' (హెచ్‌టీటీపీఎస్‌లోనే కుకీ వెళ్లాలనే గుర్తు) కూడా జోడించాను. ఇప్పుడు మరీ అన్యాయం: లాగిన్ జవాబులో కుకీని బ్రౌజర్‌కు ఇచ్చే సెట్-కుకీ హెడరే రావడం లేదు. పాత కుకీలు తుడిచాను, సర్వర్ మళ్లీ మొదలుపెట్టాను, ఫైర్‌ఫాక్స్‌లోనూ చూశాను, తేడా లేదు. సెషన్‌కు వాడేది ఎక్స్‌ప్రెస్-సెషన్ అనే లైబ్రరీ. బ్రౌజర్ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్ (నోడ్ ముందు ఉండే వెబ్ సర్వర్) దాకా హెచ్‌టీటీపీఎస్, అక్కడి నుంచి 3000 పోర్టులోని నోడ్‌కు మామూలు హెచ్‌టీటీపీ.

ఈ ఏర్పాటులో సెక్యూర్ కుకీ బ్రౌజర్‌కు చేరాలంటే ఎన్‌జిన్‌ఎక్స్‌లో గానీ, ఎక్స్‌ప్రెస్‌లో గానీ ఏ అమరిక మార్చాలి?