ఆటోక్రాస్ కోసం స్విఫ్ట్‌లో ముందు ఏది మార్చాలి? (2018 వీఎక్స్‌ఐ, చేతిలో నలభై వేలు)

కొండాపూర్ స్విఫ్ట్
అందరికీ నమస్కారం. నాది 2018 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోలు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆఫీసుకూ అదే, ఊరికీ అదే. పోయిన నెల కోయంబత్తూరులో మొదటిసారి ఆటోక్రాస్‌లో దిగాను. తారు మీద కోన్లు పేర్చి, ఒక్కో కారునే వదిలి, ఎవరు ఎన్ని సెకన్లలో వచ్చారో చూసే పోటీ. 1400 సీసీ లోపు తరగతిలో పందొమ్మిది మందిలో పదహారో స్థానం వచ్చింది. నాకంటే ముందున్న వారిలో ఇద్దరివి అచ్చం నాలాంటి స్విఫ్ట్‌లే, కానీ నాకంటే నాలుగు సెకన్లు వేగం. నా కారు మలుపు తిరగదు. స్టీరింగ్ ఎంత తిప్పినా టైర్లు అరుస్తూ ముక్కు బయటికే పోతుంది. మా వీధి చివర షాపతను ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కోన్ ఫిల్టర్, ఈసీయూ రీమ్యాప్ (ఇంజిను కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం) మూడూ కలిపి ముప్పై ఎనిమిది వేలకు చేస్తానంటున్నాడు. చేయించనా?

గ్రీజు చేతులు
వద్దండీ. ఇరవై ఏళ్లుగా గ్యారేజి నడుపుతున్నాను, ఆ మూడూ అమ్మితే నాకే లాభం, అయినా చెబుతున్నాను. మీ ఇంజిను 1.2 లీటర్లు, 83 హార్స్‌పవర్. టర్బో లేని ఇంజినుకు రీమ్యాప్ చేస్తే నాలుగైదు పెరిగితే గొప్ప. అవి కూడా ఆర్‌పీఎం చివర్లో వస్తాయి. మీరు రాసిన జబ్బు ఏమిటి? మలుపులో ముక్కు పోవడం. ముందు టైర్లు ఇప్పటికే మోయలేని బరువు మోస్తుంటే వాటికే ఇంకాస్త బలం పంపిస్తానంటున్నారు. కాలు విరిగినవాడికి కళ్లజోడు కొనిపెట్టినట్టు ఉంటుంది.

ముందుగా, టైర్లు ఏమున్నాయో చెప్పండి. కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 ఇంకా ఉన్నాయా?

కొండాపూర్ స్విఫ్ట్
అవే ఉన్నాయండీ. గాలి నాలుగింటికీ 32.

గ్రీజు చేతులు
జవాబు దొరికింది. ఆ టైరు పక్కగోడ ఎత్తు 165లో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. మలుపులో అది పక్కకు మడతపడి, మీరు రబ్బరు అంచు మీద కాదు, పక్కగోడ మీద తిరుగుతున్నారు. పైసా ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. బడిలో వాడే సుద్దముక్కతో నాలుగు టైర్ల భుజం మీద, ట్రెడ్ నుంచి పక్కగోడ దాకా మూడు చోట్ల గీతలు గీయండి. చాలా టైర్లకు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. ఒక రన్ చేసి వచ్చి చూడండి. సుద్ద త్రికోణం దాటి చెరిగిపోతే గాలి చాలలేదు, దాని దాకా రాకపోతే ఎక్కువైంది. ముందు చక్రాలకు 38 దాకా వెళ్లాల్సి రావచ్చు, భయపడకండి. వెనక చక్రాలకు ఇంకో మూడు నాలుగు ఎక్కువ పెట్టండి. వెనక పట్టు కొద్దిగా తగ్గితే కారు తోక తిప్పడం మొదలుపెడుతుంది. ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ 32కు దించండి, అది మాత్రం మరిచిపోవద్దు.

ఉక్కునగరం
నాదీ స్విఫ్టే, విశాఖ. సెంటర్ ఆఫ్ గ్రావిటీ దించితే అన్నీ సర్దుకుంటాయని నమ్మి స్ప్రింగులు కోయించాను, ఒకటిన్నర చుట్టు. కారు నలభై మిల్లీమీటర్లు దిగింది. చూడటానికి మాత్రం మహా బాగుంది! పోటీకి తీసుకెళ్తే మునుపటికంటే రెండు సెకన్లు ఆలస్యం. మలుపు మధ్యలో సస్పెన్షన్ చివర ఉండే రబ్బరు దిమ్మకు (బంప్ స్టాప్) తగిలి ముందు చక్రం ఒక్కసారిగా పట్టు వదిలేది. కారును జాకీ మీద ఎత్తితే స్ప్రింగు తన గూటిలో కదిలిపోయి టకటకమనేది. ఆ శబ్దం వినగానే మా నాన్నగారు కారెక్కడం మానేశారు. ఆరు నెలలకు పాత స్ప్రింగులే వెతికి కొని వేయించుకున్నాను.

గ్రీజు చేతులు
ఉక్కునగరం గారూ, ఎందుకు ఆలస్యమయిందో కూడా చెబుతాను. ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకటిగా ఉండే అమరిక. కింది ఆర్మ్ మామూలుగా బయటివైపు కొంచెం కిందికి వాలి ఉంటుంది. కారును బాగా దించితే అది పైకి లేస్తుంది. అప్పుడు కారు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అనే బిందువు కారు బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగిందంటే కారు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. కారు దిగింది, ఒరుగుడు మాత్రం పెరిగింది. స్ప్రింగు కోయడం ఎవరికీ చేసి పెట్టను, అడగవద్దు.

ప్లానో ఫిట్
టెక్సాస్ నుంచి. నేను 2010 హోండా ఫిట్‌తో ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) సోలో పోటీల్లో తిరుగుతుంటాను, డాలస్ చుట్టుపక్కల పెద్ద పార్కింగ్ స్థలాల్లో. మీ స్విఫ్ట్‌కూ నా ఫిట్‌కూ పోలిక ఎక్కువే: ముందు స్ట్రట్, వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే, మెలితిరిగే అడ్డ దూలం), ముందు చక్రాల డ్రైవ్. ఇక్కడ స్ట్రీట్ తరగతి నిబంధనల్లోనే పెద్ద పాఠం ఉంది. స్ప్రింగులు మార్చకూడదు. రిమ్ వెడల్పు కంపెనీదే ఉండాలి. టైరు ట్రెడ్‌వేర్ అంకె (రబ్బరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పేది) 200కు తగ్గకూడదు. షాక్ అబ్జార్బర్లు మాత్రం ఇష్టం వచ్చినవి వేసుకోవచ్చు, ముందైనా వెనకైనా ఒక్క యాంటీ రోల్ బార్ (కారు ఒరుగుడు తగ్గించే కడ్డీ) మార్చుకోవచ్చు. ఇంత కట్టడిలోనూ ఏటా సెప్టెంబరులో నెబ్రాస్కాలోని లింకన్‌లో జరిగే జాతీయ పోటీలో కుర్రకారు, తాతలు దుమ్ము రేపుతారు.

నేను చేసింది రెండే పనులు. మంచి టైర్లు, వెనక లావుపాటి బార్. వెనక బార్ బిగిశాక మలుపులో లోపలి వెనక చక్రం గాలిలోకి లేస్తుంది. ఫొటోలు చూసి మా ఆవిడ కంగారుపడింది. లేవాలి, అది మంచిదే. వెనక ఆ చక్రం లేచిందంటే ముందు లోపలి చక్రం నేలను వదలలేదని అర్థం, డ్రైవ్ దానికే కదా కావాలి.

ఒక్క కోన్ పడితే రెండు సెకన్ల జరిమానా. మొదటి ఏడాది నా టైములన్నీ బాగానే ఉండేవి, కోన్లు లెక్కపెట్టనంత వరకు.

కొండాపూర్ స్విఫ్ట్
ప్లానో అన్నా, అలాంటి బార్ ఇక్కడ దొరకడం లేదు. లేత్ షాపులో చేయించి బీమ్‌కు వెల్డ్ చేయిస్తే?

గ్రీజు చేతులు
వద్దు, వద్దు, వద్దు. ఆ బీమ్ మెలితిరగడానికే పుట్టింది. వేడి తగిలిన చోటే తర్వాత పగులు వస్తుంది, అదీ మీరు జాతీయ రహదారి మీద నూరులో ఉన్నప్పుడు. చేయిస్తే క్లాంపులతో బిగించే బార్ చేయించండి, లేకపోతే మానేయండి. వెనక గాలి పెంచితే అందులో సగం ఫలితం ఉచితంగా వస్తుంది.

రెండో గేరు
ఇంతమంది ఇంత రాశారు, చట్టం మాట ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆఫీసుకు వెళ్లే కారు కాబట్టి చెబుతున్నాను. ఇంకోటి, ఇంట్లో ఉన్న ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. వ్యవస్థీకృత రేసింగు, స్పీడ్ టెస్టింగ్‌లో జరిగిన నష్టానికి పరిహారం ఉండదని రాసి ఉంటుంది. కోన్ల మధ్య బంపరు పగిలితే మీ జేబే.

అందుకే నా పద్ధతి ఇది. పై మోడల్ అయిన జెడ్‌ఎక్స్‌ఐకి కంపెనీయే 15 అంగుళాల అల్లాయ్‌లు, 185/65 టైర్లు ఇస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో అవే నాలుగు కొనండి. రోడ్డు మీద మీ పాతవే వాడుకోండి. పోటీ కోసం ఆ అల్లాయ్‌లకు 195/55 ఆర్15 వేసి, అక్కడికి వెళ్లాక మార్చుకోండి. డిక్కీ 268 లీటర్లే కాబట్టి రెండు అందులో, రెండు వెనక సీటు మడిచి.

ఆ సైజుతో ఇంకో లాభం ఉంది. టైరు వ్యాసం 24 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే స్ప్రింగు ముట్టుకోకుండానే కారు 12 మిల్లీమీటర్లు దిగినట్టు. గేర్లు కూడా నాలుగు శాతం పొట్టి అవుతాయి. కోర్సంతా రెండో గేరులోనే కదా నడిచేది, మలుపు నుంచి బయటికి లాగేటప్పుడు తెలుస్తుంది.

ఉక్కునగరం
బయటి అల్లాయ్‌లు కొనేవారికి ఒక హెచ్చరిక. స్విఫ్ట్ హబ్ (చక్రం మధ్య రంధ్రం కూర్చునే భాగం) 54.1 మిల్లీమీటర్లు. బోల్టుల కొలత 4×100 సరిపోయింది కదా అని నేను మధ్య రంధ్రం పెద్దగా ఉన్నవి తెచ్చాను. ఎనభై దాటితే స్టీరింగ్ వణుకు. మూడు షాపుల్లో బ్యాలెన్సింగ్ చేయించాను, నాలుగో చోట ఒక కుర్రాడు చూసి ప్లాస్టిక్ హబ్ రింగులు వేసి పంపాడు, రెండు వందలు తీసుకున్నాడు.

ఎస్టీమ్ మాస్టారు
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. అందరూ తారు గురించే రాస్తున్నారు. నేను ఆడిందంతా మట్టి. 1.3 లీటరు ఎస్టీమ్‌తో కర్ణాటకలో మొదలుపెట్టాను, వేరే ఊళ్లకు కూడా తీసుకెళ్లాను. మట్టిలో మీరు చెప్పిన సగం తలకిందులు. వెడల్పు టైరు పైపొడి మీద తేలుతుంది, సన్న టైరు కోసుకుపోయి కింద గట్టి నేల పట్టుకుంటుంది. అక్కడ మీ 165లే నయం. కారు ఎత్తుగా ఉండాలి, స్ప్రింగు మెత్తగా ఉండాలి. అన్నిటికంటే ముందు సంప్ గార్డు. నేను గార్డు లేకుండా దిగిన మొదటి రోజునే ఒక రాయి ఆయిల్ సంప్‌ను పగలగొట్టింది. మూడు వందల కిలోమీటర్లు లారీ మీద ఇంటికి వచ్చాను, లారీ డ్రైవరు దారంతా ధర్మోపదేశం చేశాడు.

సరే, కొండాపూర్ బాబూ, ఒక ప్రశ్న. ఆ ఇద్దరు స్విఫ్ట్‌వాళ్లలో ఒకరిని మీ కారు నడిపి చూడమని అడిగారా?

కొండాపూర్ స్విఫ్ట్
లేదండీ. తట్టలేదు.

ఎస్టీమ్ మాస్టారు
ఈసారి అడగండి. ఒక్క రన్ చాలు. దానికి నలభై వేలు అక్కరలేదు.

గ్రీజు చేతులు
మాస్టారు చెప్పింది రాసుకోండి. మిగతావి గబగబా చెబుతాను. కేంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో ఎంత వాలి ఉందన్నది: కంపెనీ నుంచి దాదాపు సున్నా ఉంటుంది. మలుపులో కారు ఒరిగితే చక్రం బయటికి వాలిపోతుంది. స్ట్రట్ కింద ఉండే రెండు బోల్టుల్లో పైదానికి బదులు కేంబర్ బోల్టు వేస్తే చక్రం పైభాగం డిగ్రీ, డిగ్రీన్నర లోపలికి వస్తుంది. టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం, సున్నా ఉంచండి. టైరు లోపలి అంచు అరిగిపోతుందని భయపెడతారు. అరగదీసేది ఎక్కువగా టో, కేంబర్ కాదు. బ్రేకులు: డాట్ 4 ఫ్లూయిడ్ మార్పించండి, అంతే. డాట్ 3 కొత్తది 205 డిగ్రీలకు మరిగితే ఇది 230కి. మీ రన్ ఒక నిమిషం, రేస్ ప్యాడ్లు వేడెక్కేలోపే అయిపోతుంది. చల్లగా ఉంటే అవి మామూలు ప్యాడ్ల కంటే తక్కువ పట్టుకుంటాయి. స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు అన్నీ దించి పెట్టండి. బ్యాటరీ క్లాంపు బిగించారో లేదో స్క్రూటినీలో (పోటీకి ముందు కారు తనిఖీ) తప్పకుండా ఊపి చూస్తారు.

ప్లానో ఫిట్
వినాయకుడిని కూడానా?

గ్రీజు చేతులు
ఆయన్ని జేబులో పెట్టుకోండి. గంటకు అరవైలో ఎగిరి వచ్చి తగిలితే ఆయనైనా నొప్పే.

కొండాపూర్ స్విఫ్ట్
(ఏడు వారాల తర్వాత)
మళ్లీ కోయంబత్తూరు వెళ్లి వచ్చాను, నివేదిక సమర్పిస్తున్నాను. జెడ్‌ఎక్స్‌ఐ అల్లాయ్‌లు పాతవి పదకొండు వేలు. 195/55 టైర్లు ఇరవై ఐదు వేలు. కేంబర్ బోల్టులు, అలైన్‌మెంట్, ఫ్లూయిడ్ కలిపి నాలుగు వేల లోపు. సైలెన్సర్ అతను ఇప్పుడు నన్ను చూసి పలకరించడం లేదు.

శనివారం ప్రాక్టీసులో సుద్ద గీశాను. ముందు 37, వెనక 41 దగ్గర కుదిరింది. గాలి మార్చినప్పుడల్లా కారు మారడం చూసి నాకే ఆశ్చర్యం. వెనక 44 పెడితే రెండో స్లాలమ్‌లో (కోన్ల మధ్య పాములా మెలికలు తిరిగే చోట) తోక నన్ను దాటిపోయింది, ఏడు కోన్లు. తెచ్చి నిలబెట్టిన కుర్రాళ్లకు టీ ఇప్పించాను.

మాస్టారూ, మీరు చెప్పినట్టే అడిగాను. ఆ ఇద్దరిలో ఒకాయన, యాభై దాటి ఉంటాయి, సరదాగా ఒప్పుకున్నారు. ముందుగా నా పాత చక్రాలు, గాలి 32, అంటే మొదటిసారి ఉన్నట్టే పెట్టి ఇచ్చాను, కేంబర్ ఒక్కటే తేడా. అదే కారు, అదే కోర్సు. నాకంటే 2.6 సెకన్లు తక్కువలో తిరిగొచ్చారు, కారులో చప్పుడే లేదు. నేను నడిపితే టైర్లు అరిచే చోట ఆయన చేతిలో అరవలేదు. పక్కన కూర్చుని చూశాను. మలుపుకు చాలా ముందే బ్రేకు వదిలేస్తున్నారు, స్టీరింగ్ నాకంటే సగమే తిప్పుతున్నారు, ఈ కోను దగ్గర ఉన్నప్పుడు చూపు మూడో కోను మీద ఉంది. నేను బంపరు ముందున్న కోనునే చూస్తూ నడుపుతున్నానని అప్పుడు తెలిసింది.

కొత్త టైర్లతో ఆదివారం నా సొంత టైము మొదటిరోజు కంటే 3.1 సెకన్లు మెరుగు. ఇరవై ఇద్దరిలో తొమ్మిదో స్థానం. ఒకే ఒక్క కోన్ తగిలింది, అది లేకపోతే ఆరో స్థానం. అదీ ముగింపు లైను పక్కనే ఉన్న కోను.

ప్లానో ఫిట్
అందరికీ ఆ కోనే.

ఎస్టీమ్ మాస్టారు
బాగుంది బాబూ. చివర్లో వెనక్కి తిరిగి వచ్చే మలుపు ఉందా? అక్కడ హ్యాండ్‌బ్రేక్ వాడారా?

కొండాపూర్ స్విఫ్ట్
ప్రయత్నించానండీ. లాగితే కారు తిరగలేదు, వేగం మాత్రం తగ్గింది.

ఎస్టీమ్ మాస్టారు
ఎన్ని క్లిక్కులకు పట్టుకుంటోంది?

కొండాపూర్ స్విఫ్ట్
ఇప్పుడే కిందికి వెళ్లి లెక్కపెట్టి వచ్చాను. పదకొండు.

ఎస్టీమ్ మాస్టారు
వెనక డ్రమ్ములు విప్పించి, శుభ్రం చేయించి, షూలు సర్దించండి. ఐదారుకు రావాలి. వచ్చాక రాయండి.