టిన్‌టిన్ సినిమా చూసేముందు ఏ పుస్తకాలు చదవాలి?

వేసవి_అర: స్పీల్‌బర్గ్ 2011లో తీసిన టిన్‌టిన్ యానిమేషన్ సినిమా పదేళ్ళ పిల్లలకు చూపించాలి. మూడు ఆల్బమ్‌లు (కామిక్ పుస్తకాలు) కలిపి తీశారట. అవేంటి, ఏ వరసలో చదివించాలి?

పాతబొమ్మలు: ‘ద క్రాబ్ విత్ ద గోల్డెన్ క్లాస్’, ‘ద సీక్రెట్ ఆఫ్ ద యూనికార్న్’, ‘రెడ్ రాకమ్స్ ట్రెజర్’. వరసా ఇదే. టిన్‌టిన్ నేస్తం కెప్టెన్ హాడాక్ తొలిసారి కనిపించేది క్రాబ్‌లోనే. ఓడ మీద తిరుగుబాటు, సీప్లేన్, సహారా ఎడారి, బాగర్ రేవు అక్కణ్ణించి తెచ్చుకున్నవే. పుస్తకంలో అసలు నేరం పీతల డబ్బాల్లో నల్లమందు తరలించడం. సినిమాలో ఆ ఊసే లేదు. కెప్టెన్ తాగుడు మాత్రం రెండింట్లోనూ ఉంది, పిల్లలకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

దారిదీపం: చదివి వెళ్ళినవాళ్ళు తికమకపడేది సాఖరిన్ దగ్గర. పుస్తకంలో అతను ఓడ నమూనాలు పోగేసే మామూలు మనిషి, విలన్లు బర్డ్ సోదరులు. సినిమాలో ఆ సోదరులను పక్కనపెట్టి, సాఖరిన్‌ని సముద్రపు దొంగ రెడ్ రాకమ్ వంశీకుణ్ణి చేశారు. నిధి ఆచూకీ దాచిన మూడు యూనికార్న్ ఓడ నమూనాల్లో మూడోది కూడా చోటు మారింది: బాగర్‌లో షేక్ దగ్గర అద్దాల పెట్టెలో ఉంటుంది, ఆ అద్దం ఒపేరా గాయని కాస్టాఫియోర్ గొంతుకు పగులుతుంది. పుస్తకంలో ఆ సన్నివేశం లేదు.

గీతకారుడు: బొమ్మ సంగతీ చెప్పాలి. టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే గీతలో మందం దాదాపు మారదు, టిన్‌టిన్ కళ్ళు రెండు చుక్కలు. నటుల కదలికలు పట్టి చేసిన ఈ సినిమాలో చర్మం, వెంట్రుకలు, కనుపాపలు అన్నీ వచ్చాయి. పుస్తకం అలవాటైన కంటికి మొదట ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ బాగర్‌లో డేగ వెంట మోటార్‌సైకిల్ ఛేజ్ చూడండి: రెండు నిమిషాలకు పైగా కట్ లేకుండా సాగుతుంది. అసలు కెమెరాతో అది అసాధ్యం. మొదట్లో సంతలో బొమ్మ గీసే ముసలాయనది ఎర్జే ముఖమే, అదీ చూపించండి.

వేసవి_అర: ప్రొఫెసర్ కాలిక్యులస్ ఉన్నాడా?

పాతబొమ్మలు: లేడు. అతను అడుగుపెట్టేది ‘రెడ్ రాకమ్స్ ట్రెజర్’లో, సొరచేప ఆకారపు జలాంతర్గామితో. సినిమా ఆ పుస్తకంలోంచి ముఖ్యంగా తీసుకున్నది నిధి దొరికే చోటే. అందుకే ఆ పుస్తకాన్ని సినిమా తర్వాతకి దాచొద్దు. సముద్రమంతా వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చాక జవాబు తెలిస్తేనే ఆ మజా. మూడూ అయ్యాకే సినిమా పెట్టండి.