మా తాత ముక్కుపొడుం పాట ప్లేటు: ఎలా వినాలి?

కావలి మనవడు:
మా తాత నాటకాల్లో హాస్యగాడు. ముక్కుపొడుం పీలుస్తూ, చరణం చివర తుమ్ముతూ పాడే పాట ఒకటి సొంతంగా కట్టుకున్నాడు. దానికోసం మద్రాసు పిలిపించి గ్రామఫోన్ ప్లేటు వేశారు. ఒకే ఒక్క ప్లేటు, అటు సగం ఇటు సగం, మళ్లీ ఎవరూ పిలవలేదు. నాన్న పోయాక ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత పంచెలో చుట్టి దొరికింది. లేబుల్‌ని పురుగు తినేసింది, తాత పేరులో చివరి రెండక్షరాలే మిగిలాయి. అంచున వెంట్రుకంత బీట. ఇంట్లో ఎల్పీలు, అంటే తర్వాతి కాలపు ప్లేట్లు వేసే ప్లేయర్ ఉంది గానీ పెట్టాలంటే భయం. ఏ ఏడాదిదో తెలుస్తుందా? తాత గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఒంగోలు రికార్డులు:
అస్సలు పెట్టకండి. ఎల్పీ ముల్లు సన్నం, ఆ ప్లేటుకి దాదాపు మూడింతల లావు ముల్లు కావాలి, నిమిషానికి 78 చుట్లు తిరిగే స్పీడు ఉండాలి. స్పిరిట్‌తో మాత్రం తుడవద్దు, అది లక్క ప్లేటు, కరిగిపోతుంది. మెత్తటి పొడిబట్ట చాలు. లేబుల్ పోయినా పర్లేదు. లేబుల్ చుట్టూ గీతలు లేని నల్లటి జాగా ఉంటుంది కదా, అక్కడ టార్చి ఏటవాలుగా వేసి చూడండి, ఒక నంబరు ఉంటుంది. అది రికార్డు చేసిన వరసలో ఇచ్చేది. దానికి అటూ ఇటూ నంబర్లున్న ప్లేట్ల ఏడాది తెలిస్తే మీదీ తెలిసినట్టే. బీట పాటలోకి దిగిందా, అంచులోనే ఉందా?

బిట్రగుంట పెద్దాయన:
అబ్బయ్యా, ఆ పాట నేను విన్నా. మా రైల్వే కాలనీ పెళ్లిళ్లలో మైకుసెట్టు వాళ్లు వేసేవాళ్లు, తుమ్ము రాగానే పిల్లకాయలం అందరం కలిసి తుమ్మేవాళ్లం. స్టేజీ మీదా చూశా. అక్కడ పావుగంట పట్టేది. పొడుం పట్టి, కళ్లు మూసి, ముక్కు ఎగబీల్చి, వచ్చినట్టే వచ్చి తుమ్ము రాదు, మళ్లీ రాదు, జనం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. ప్లేటులో ఒక్కో వైపు మూడు నిమిషాలేనాయె, ఆ ఊరింపంతా పోయింది. తుమ్ము కూడా పక్క గదిలోంచి వచ్చినట్టుండేది. రెండో ప్లేటు పడకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. పాటలో ఏ లోపం లేదు.

ఒంగోలు రికార్డులు:
అప్పట్లో పాడుతుండగానే మైనపు బిళ్ల మీద నేరుగా గీత కోసేవాళ్లు, లక్క ప్లేట్లకి అచ్చు దాన్నుంచే. హఠాత్తుగా పెద్ద శబ్దం వస్తే కోసే ముల్లు పక్క చుట్టులోకి పోతుంది, ఆ మైనం ఇక పనికిరాదు, పాట మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. మొహం పక్కకి తిప్పి తుమ్మమని ఉంటారు.

కావలి మనవడు:
అదే! "గోడవైపు తిరిగి తుమ్మమన్నారు, గోడని చూసి ఎవరన్నా నవ్విస్తారా" అని తాత చివరిదాకా అనేవాడని నాన్న చెప్పేవాడు. ఎందుకో ఈరోజు అర్థమైంది. నంబరు కనపడింది, రేపు ఫొటో పెడతా. బీట అంచులోనే ఆగింది. పెదనాయనా, ఆదివారం బిట్రగుంట వస్తున్నా, ఆ ఊరింపు ఎలా ఉండేదో మీరొకసారి చేసి చూపించండి, ఫోన్లో తీసుకుంటా.

బిట్రగుంట పెద్దాయన:
పొద్దున్నే రా అబ్బయ్యా. పొడుం డబ్బీ తెప్పించి పెడతా.